"అదే అప్‌డేట్ అవుతుంది"... ఎవరు చేస్తే?

మొన్న ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. ఈమధ్యే ఇంట్లో పాత లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు వేశాడు. "మామయ్యా, నా సిస్టంలో ఫైర్‌ఫాక్స్ రెండున్నాయి. ఒక్కోటి ఒక్కో వెర్షన్ చూపిస్తోంది. ఏది నిజం?" అన్నాడు.

"రెండూ నిజమేరా" అన్నాను.

కాసేపు కూపీ లాగితే తేలిందేమిటంటే, ఒకటి ఉబుంటుతో పాటు వచ్చిన స్నాప్. రెండోది వాడే ఏదో వీడియో చూసి మొజిల్లా సైటు నుంచి టార్‌బాల్ దింపుకుని, సుడో కొట్టి ఆప్ట్ ఫోల్డర్లో విప్పి, డెస్క్‌టాప్ మీద ఐకాను పెట్టుకున్నది. (ఇది ఓ-పీ-టీ ఆప్ట్. ఏ-పీ-టీ ఆప్ట్ వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. తెలుగులో రాస్తే ఇదో తంటా :)) స్నాప్ కొత్తగానే ఉంది. టార్‌బాల్ మాత్రం దింపుకున్న రోజు ఎక్కడుందో అక్కడే ఉంది, అంటే ఏడు నెలల పాతది. ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ దాదాపు నాలుగు వారాలకొకటి వస్తుంది. లెక్క మీరే వేసుకోండి. ఇందులో అసలు కొసమెరుపు ఏమిటంటే, ఐకాను డెస్క్‌టాప్ మీద ఉంది కాబట్టి మా బావగారు కరెంటు బిల్లు, బ్యాంకు పనులు అన్నీ ఈ ఏడు నెలలూ ఆ పాతదాంట్లోనే కానిచ్చేస్తున్నారు.

"మరి ఫైర్‌ఫాక్స్ అదే అప్‌డేట్ అవుతుందని అందరూ అంటారుగా మామయ్యా?"

వాడు మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకో చెప్పాలంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

2016లో నేనొక చిన్న ప్రోడక్టు టీములో ఉన్నాను. క్లయింట్ల మెషీన్లలో కూర్చుని, లాగులు పోగేసి సర్వరుకి పంపే ఒక ఏజెంటు ప్రోగ్రాం అది. నాలుగు రకాలుగా ఇచ్చేవాళ్ళం. విండోస్ ఇన్‌స్టాలరు, లినక్సుకి మా సొంత ప్యాకేజీ రిపాజిటరీ, అదీ కుదరని వాళ్ళకి టార్‌బాల్, ఫ్యాషన్‌గా ఉంటుందని డాకర్ ఇమేజి. ఇన్‌స్టలేషన్ గైడు రాసే పని నా నెత్తిన పడింది. కోడు రాసేవాడికి గైడు రాయమంటే ఎంత ఉత్సాహం ఉంటుందో మీకు తెలియంది కాదు. నాలుగు పద్ధతుల్లో ఎలా ఎక్కించాలో స్క్రీన్‌షాట్లతో సహా ఇరవై పేజీలు రాశాను. అప్‌డేట్ల గురించి రాసింది ఒకే ఒక్క వాక్యం. దాని తెలుగు సారాంశం: "ఏజెంటు అదే అప్‌డేట్ అవుతుంది."

నేను నా డెస్కు మీద వాడేది విండోస్ ఇన్‌స్టాలరు. అందులో రోజుకోసారి చూసే సర్వీసు ఉండేది. కాబట్టి నేను రాసింది నా మెషీను వరకూ నూటికి నూరు పాళ్ళు నిజం. మిగతా మూడింటి సంగతి నేనెప్పుడూ చూడలేదు. రివ్యూ చేసినవాళ్ళూ చూడలేదు. వాళ్ళవీ విండోసే మరి.

ఏడాది తర్వాత అందులో ఒక సెక్యూరిటీ లోపం బయటపడింది. సరిదిద్దాం, కొత్త వెర్షన్ వదిలాం, క్లయింట్లకి మెయిలు పంపాం. "మీరేమీ చెయ్యక్కర్లేదు" అని. మూడు నెలలు పోయాక ఒక క్లయింటు దగ్గర ఆడిట్ జరిగింది. నలభైకి పైగా సర్వర్లలో పాత వెర్షనే ఉంది. వాళ్ళ సర్వర్లకి ఇంటర్నెట్ సరిగ్గా ఉండదని, అందరికీ టార్‌బాలే ఎక్కించారు. అక్కడి సిస్టం అడ్మిన్ గారు నాకన్నా పదిహేనేళ్ళు పెద్దాయన. తెలుగాయనే. ఆయనకి మెమో ఇచ్చారు.

ఆయన నాకు ఫోన్ చేశారు. అరవలేదు, తిట్టలేదు. "బాబూ, మీ పుస్తకం పద్నాలుగో పేజీలో ఒక వాక్యముంది. అది మీరే రాశారట. ఒక్కసారి చదివి, నేను తప్పుగా అర్థం చేసుకున్నానేమో చెప్పండి" అన్నారు.

ఆయన అర్థం చేసుకున్న దాంట్లో తప్పేమీ లేదు. తప్పు నేను రాసిన దాంట్లో ఉంది. ఆ మాట మా మేనేజరు ద్వారా రాతపూర్వకంగా పంపించాం, మెమో వెనక్కి తీసుకున్నారని తర్వాత తెలిసింది. కానీ ఆ మూడు రోజులూ ఆయన ఇంట్లో అన్నం ఎలా తిన్నారో నాకు తెలీదు.

అప్పట్నుంచీ నాకు ఆ వాక్యం ఎక్కడ కనిపించినా ఒళ్ళు మండుతుంది. "అదే అప్‌డేట్ అవుతుంది." మన తెలుగు వ్యాకరణంలోనే దీని గుట్టు ఉంది చూడండి. "అవుతుంది" అంటే చేసేవాడు మాయమైపోతాడు. "పని అయిపోతుంది లెండి" అంటారే ఆఫీసుల్లో, ఎవరు చేస్తారో మాత్రం చెప్పరు. అదీ అలాంటిదే. "అప్‌డేట్ చేస్తుంది" అని రాయబోతే వెంటనే ఏది? ఎప్పుడు? ఎవరి అనుమతితో? అన్న ప్రశ్నలు వరసగా వచ్చి కూర్చుంటాయి. అందుకే మనం "అవుతుంది" దగ్గర ఆగిపోతాం. హాయిగా ఉంటుంది కదా!

సరే, మా వాడి ఫైర్‌ఫాక్స్ దగ్గరికే వద్దాం. అదే ఉబుంటు, అదే ఫైర్‌ఫాక్స్, అయినా ఎక్కించిన తీరుని బట్టి ఎన్ని వేషాలేస్తుందో చూడండి.

స్నాప్ అయితే స్నాప్‌డీ అనే డీమన్ మామూలుగా రోజుకి నాలుగుసార్లు వెళ్ళి స్టోరులో చూసొస్తుంది. కొత్తది ఉంటే తనే దింపుతుంది. మీరు ఫైర్‌ఫాక్స్ తెరిచి ఉంచితే, మూసెయ్యమని కొన్ని రోజుల గడువిచ్చి నోటీసు చూపిస్తుంది. పాత రివిజన్ పక్కన దాచి ఉంచుతుంది కాబట్టి, అవసరమైతే వెనక్కి వెళ్ళొచ్చు.

టార్‌బాల్ అయితే ఫైర్‌ఫాక్స్ తనే తనని మార్చుకుంటుంది. కానీ ఆ ఫోల్డర్లో రాసే హక్కు మీ యూజరుకి ఉంటేనే. మీ హోం ఫోల్డర్లో విప్పితే ఆ హక్కు ఉంటుంది. మావాడిలా సుడోతో ఆప్ట్ ఫోల్డర్లో పెడితే అది రూట్ సొత్తు, మామూలు యూజరుగా నడిచే ఫైర్‌ఫాక్స్ దాన్ని మార్చలేదు. అదే ఫైలు, అదే రోజు దింపింది. ఎక్కడ విప్పారన్న ఒక్క తేడాతో ఒకటి నెలనెలా కొత్తదవుతుంది, ఇంకోటి మూలన పడి ముసలిదవుతుంది.

ఇక ఏ-పీ-టీ ఆప్ట్. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04 నుంచి, మీరు ఆప్ట్‌తో ఫైర్‌ఫాక్స్ ఎక్కించమంటే వచ్చేది నిజం డెబ్ ప్యాకేజీ కాదు. అది స్నాప్‌ని తెచ్చిపెట్టే ఉత్తుత్తి ప్యాకేజీ. కాబట్టి మీరు "నేను ఆప్ట్‌తో పెట్టాను, ఆప్టే చూసుకుంటుంది" అనుకుంటారు, చూసుకునేది స్నాప్. అది నచ్చనివాళ్ళ కోసం మొజిల్లా 2024 జనవరిలో, ఫైర్‌ఫాక్స్ 122తో, తన సొంత ఆప్ట్ రిపాజిటరీ నుంచి అసలైన డెబ్ ఇవ్వడం మొదలుపెట్టింది. దాంట్లోనూ ఒక మెలిక ఉంది. ఉబుంటు వారి ఉత్తుత్తి ప్యాకేజీ వెర్షన్ నంబరు ముందు ఒకటీ కోలన్ ఉంటుంది. దాన్ని ఈపాక్ అంటారు. ఈపాక్ ఉన్నది, వెనకాల నంబరు ఎంతైనా సరే, లేనిదానికన్నా పెద్దదే అని ఆప్ట్ లెక్క. అందుకని మొజిల్లా రిపాజిటరీకి ప్రాధాన్యం ఇవ్వమని విడిగా ఒక ఫైల్లో రాయకపోతే ఆప్ట్ తిరిగి స్నాప్ వైపుకే మొగ్గుతుంది. ఈ సంగతి మొజిల్లా వాళ్ళ సూచనల్లో ఒక మెట్టుగా రాసి ఉంది. అదీ డాక్యుమెంటేషన్ అంటే! ఆ ఒక్క మెట్టు లేకపోతే ఎంతమంది జుట్టు పీక్కునేవారో.

ఆగండి, ఇంకా ఉంది. రిపాజిటరీ పెట్టాం, ప్రాధాన్యం రాశాం, ఇక అదే అవుతుందా? ఉబుంటులో అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనేది ఉందిగా! ఉంది. కానీ అది మామూలుగా ముట్టుకునేది ఉబుంటు వారి సొంత మూలాల నుంచి వచ్చే అప్‌డేట్లని, ముఖ్యంగా సెక్యూరిటీవి. బయటి రిపాజిటరీల జోలికి, దాని అనుమతుల జాబితాలో మీరు చేర్చితే తప్ప, పోదు. మా పాత ప్రోడక్టు లినక్సు ప్యాకేజీకి జరిగిందీ ఇదే. రిపాజిటరీ చేర్చాం కాబట్టి అదే వస్తుందనుకున్నాం. ఎవరో కూర్చుని అప్‌గ్రేడ్ కమాండు కొడితే తప్ప రాలేదు.

డాకర్ సంగతి సరేసరి. కంటైనర్ని ఆపి మళ్ళీ మొదలుపెడితే కొత్తది వస్తుందని నమ్మేవాళ్ళు ఇప్పటికీ నాకు నెలకొకరు తగులుతారు. రాదు. కొత్త ఇమేజి లాగి, కంటైనర్ని కొత్తగా సృష్టించాలి. పోనీ నడుస్తున్న కంటైనర్ లోపలికి వెళ్ళి అప్‌గ్రేడ్ చేస్తే? దాన్ని తీసేసి మళ్ళీ సృష్టించిన రోజు చేసినదంతా నీళ్ళలో పోసినట్టే. కుబర్నెటీస్‌లో ఇంకో తిరకాసు. ట్యాగు "లేటెస్ట్" అని ఉంటే ప్రతిసారీ ఇమేజి కొత్తగా లాగుతుంది, వేరే ట్యాగు ఉంటే నోడు మీద ఇప్పటికే ఉన్నదాన్ని వాడుకుంటుంది. అదీ మీరు పుల్ పాలసీ విడిగా రాయకపోతే.

మాక్ వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు :) హోంబ్రూలో "ఇది తనే అప్‌డేట్ చేసుకుంటుంది" అని గుర్తు పెట్టిన యాప్‌లని మామూలు అప్‌గ్రేడ్ కమాండు దాటేస్తుంది. బ్రూ చూసుకుంటుందని మీరు, యాప్ చూసుకుంటుందని బ్రూ. ఇద్దరు పెళ్ళిపెద్దలూ ఎదుటివాళ్ళు చెప్పారనుకుంటే పురోహితుడికి కబురు అందనట్టు.

"పాత వెర్షన్ ఉంటే కొంపలేం మునుగుతాయండీ" అనేవాళ్ళకి జవాబు చెప్పక్కర్లేదు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ప్యాచి వదిలిన లోపాన్నే పట్టుకుని రెండు నెలల తర్వాత, మే నెలలో, వానాక్రై ఊళ్ళమీద పడింది. కానీ కొత్తది రావడమే ఎప్పుడూ మంచిదని కూడా నేను అనను. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం గుర్తుందా? 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. అందరికన్నా ముందు కొత్తది తెచ్చుకున్న టెస్టింగ్ డిస్ట్రోల వాళ్ళకే ఆ ప్రమాదం. డెబియన్ స్టేబుల్ మీద పాత వెర్షన్‌తో కూర్చున్నవాళ్ళు క్షేమంగా ఉన్నారు. అంటే, తెచ్చుకోవాలా ఆగాలా అన్న నిర్ణయం మెషీను బాధ్యత మోసేవాడిది. ఆ నిర్ణయం తీసుకోవాలంటే అసలేం జరుగుతోందో వాడికి తెలియాలి కదా. నా గొడవంతా ఆ తెలియడం గురించే.

2024 జులై 19 ఇంకా మంచి ఉదాహరణ. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలితెర వేశాయని మైక్రోసాఫ్ట్ అంచనా. హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రోజు చాలామంది అడ్మిన్లకి అర్థం కాని విషయం ఒకటుంది. వాళ్ళు జాగ్రత్తగా, సెన్సరు సాఫ్ట్‌వేర్ ఒకటి రెండు వెర్షన్లు వెనకే ఉండేలా పెట్టుకున్నారు. అయినా పడిపోయారు. ఎందుకంటే ఆ సెట్టింగు సెన్సరు వెర్షన్లకే. కూల్చిన ఫైలు వేరే దారిలో వచ్చే కంటెంటు అప్‌డేటు, ఆ దారికి ఆ గేటు లేదు. ఒకే ప్రోడక్టులో అప్‌డేట్ దారులు రెండు, తాళం ఒకదానికే. కంటెంటు అప్‌డేట్ల మీద కూడా కస్టమర్లకి పట్టు ఇస్తామని ఆ కంపెనీ ప్రకటించింది తర్వాతే.

కాబట్టి నా వాదన ఇదీ. ఒక సాఫ్ట్‌వేర్ని ఎన్ని రకాలుగా ఎక్కించడానికి ఇస్తున్నామో, అన్ని రకాలకీ విడివిడిగా ఈ ఎనిమిది ప్రశ్నలకి జవాబు రాయాలి. ఒక పట్టిక చాలు, పురాణం అక్కర్లేదు.

1. నా మెషీన్లో ఉన్నది ఏ పద్ధతిలో వచ్చిందో ఎలా తెలుసుకోవాలి? (ఎక్కించినవాడు ఉద్యోగం మారిపోయి ఉంటాడు.)
2. కొత్తది వచ్చిందా అని ఎవరు చూస్తారు, ఎంతకోసారి?
3. ఎక్కడికి వెళ్ళి చూస్తారు? ప్రాక్సీ వెనకాల ఉంటే, ఇంటర్నెట్ లేకపోతే ఏమవుతుంది? అప్పుడు ఏమన్నా చెబుతుందా, నోరు మూసుకుని కూర్చుంటుందా?
4. ఎవరు మారుస్తారు, ఎవరి హక్కులతో?
5. మారినది ఎప్పుడు అమల్లోకి వస్తుంది? 2014లో హార్ట్‌బ్లీడ్ అప్పుడు ఓపెన్ఎస్ఎస్ఎల్ మార్చేసి, సర్వీసులు రీస్టార్ట్ చెయ్యకుండా ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఉన్నారు. డిస్కు మీద కొత్తది, మెమరీలో పాతదే.
6. దీంతో పాటు ఏది మారదు? ప్లగిన్లు, జార్ల లోపల కలిపేసిన లైబ్రరీలు వగైరా. 2021 డిసెంబరులో లాగ్4జె ఎక్కడెక్కడ దాక్కుందో వెతుకుతూ నిద్ర మానుకున్నవాళ్ళకి ఈ ప్రశ్న విలువ తెలుసు.
7. ఎలా ఆపాలి, ఆపితే ఎంతకాలం ఆగుతుంది?
8. వెనక్కి ఎలా వెళ్ళాలి? వెళ్తే డేటా ఏమవుతుంది?

ఇంకో మాట. ఈ జవాబులు కోడు చదివి రాయకండి. ఒక వెర్షన్ వెనక ఉన్నదాన్ని ఒక్కో పద్ధతిలో ఒక్కో ఖాళీ మెషీన్లో ఎక్కించి, వారం రోజులు ముట్టుకోకుండా వదిలెయ్యండి. ఎనిమిదో రోజు వెళ్ళి ఏది మారిందో, ఏది మారలేదో చూసి అది రాయండి. ఏ తేదీన, ఏ వెర్షన్ మీద చూశారో కూడా రాయండి. నేనిప్పుడు పనిచేసే చోట ప్రతి పెద్ద రిలీజుకీ ఇలాగే చేస్తున్నాం. మొదటిసారి చేసినప్పుడు ఐదు పద్ధతుల్లో రెండు మేం అనుకున్నట్టు ప్రవర్తించలేదు. అవి రాసిన మనుషులు అదే గదిలో ఉన్నారు!

"డాక్యుమెంటేషన్ ఎవడు చదువుతాడండీ?" అంటారు. నిజమే, మామూలు రోజుల్లో ఎవరూ చదవరు. చదివేది రెండు సందర్భాల్లో. ఏదో తగలబడుతున్నప్పుడు, తప్పు ఎవరిదో తేల్చేటప్పుడు. ఆ రెండు సమయాల్లోనూ చదివేవాడు మామూలుగా రాసినవాడికన్నా చిన్న ఉద్యోగంలో, ఎక్కువ ఒత్తిడిలో ఉంటాడు. మనకది ఒక వాక్యం, వాడికది సాక్ష్యం.

"ఇన్ని పద్ధతులెందుకు, ఒక్కటే ఇస్తే పోలా?" అని ఇంకో వాదన. పోతుంది, ఇవ్వగలిగితే. రాసి నిలబడగలిగినన్ని పద్ధతులే ఇవ్వాలని నా అభిప్రాయం కూడా. పట్టిక నింపలేని పద్ధతిని ఇవ్వడం మానెయ్యండి, లేదా "దీనికి అప్‌డేట్లు రావు, మీరే చేసుకోవాలి" అని పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ వాక్యం రాయడానికి మార్కెటింగ్ వాళ్ళు ఒప్పుకోరని నాకు తెలుసు. పోట్లాడండి. 2016లో ఆ ఒక్క వాక్యం ఉండుంటే, ఒక పెద్దాయన నాకు ఫోన్ చేసి ఉండేవారు కాదు.

మేనల్లుడి సంగతి చెప్పలేదు కదూ. ఏది ఉంచుకోమంటావని అడిగాడు. ఏదైనా ఒకటే ఉంచుకో, కానీ దాన్ని ఎవరు అప్‌డేట్ చేస్తారో కాగితం మీద రాసి లాప్‌టాప్ కింద అంటించు అన్నాను. టార్‌బాల్ తీసేసి స్నాప్ ఉంచుకున్నాడట. సాయంత్రం ఫొటో పంపాడు. "ఫైర్‌ఫాక్స్: స్నాప్. అప్‌డేట్ చేసేది స్నాప్‌డీ. నాన్న ఫైర్‌ఫాక్స్ మూసినప్పుడు" అని రాసి ఉంది.

నేను రాసిన ఇరవై పేజీల్లో లేనిది వాడు ఒక చీటీ మీద రాశాడు. మీరు ఇచ్చే ప్రోడక్టు గైడులో ఆ "అదే అవుతుంది" ఎక్కడుందో రేపు ఆఫీసుకి వెళ్ళాక ఓసారి వెతకండి. ఎక్కడో ఒకచోట ఉంటుంది.